డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు: విటమిన్లు, జ్ఞాపకశక్తి

ఆరోగ్యంగా ఉన్న పెద్దవారు కూడా ఒక్కోసారి కళ్లజోడు ఎక్కడ పెట్టారో మరచిపోతుంటారు. అది వయసుతో వచ్చే మామూలు మతిమరుపా, లేక ముందు ముందు పెరగబోయే లోపమా? దీన్ని ముందుగా పసిగట్టడానికి శాస్త్రజ్ఞులు రక్తంలో కొన్ని సూచికల కోసం వెతుకుతున్నారు. వాటిలో ఒకటి హోమోసిస్టీన్. దాని గురించి అర్థం కావాలంటే మీరు ముందుగా ఒక తెలుగువాని జీవితం తెలుసుకోవాలి.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. (ఎప్పుడైనా పరీక్ష తప్పినవారు ఈ వాక్యాన్ని మరోసారి చదువుకోవచ్చు.) మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించారు. ఆచార్యునికి కోపం వచ్చింది. ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. తిన్న ఆహారంలోని పోషకాలు ఒంటికి పట్టకుండా చేసే స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాతో మరణించారు. ఆయనకూ అదే జబ్బు వచ్చింది. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో కోలుకున్నారు.

1920ల ఆరంభంలో భార్య శేషగిరిని ఇక్కడే విడిచి అమెరికాలోని బోస్టన్ నగరానికి వెళ్లారు. మళ్లీ ఆమెను చూడనేలేదు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1925లో శరీర ద్రవాలలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. కండరాలకే కాదు, మెదడుకూ శక్తినిచ్చే ఏ.టి.పి.ని 1929లో వెలికితీశారు. ఇంత చేసినా హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం దొరకలేదు.

1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. 1945లో ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను పొట్టనబెట్టుకున్న స్ప్రూకు అది మందయింది. అయితే ఒక చిక్కు మిగిలింది. పెర్నీషియస్ అనీమియా అనే రక్తహీనతలో ఫోలిక్ ఆమ్లం రక్తాన్ని బాగుచేసేది గాని, నరాలకు జరిగే హానిని ఆపేది కాదు. ఆ పనిచేసే బి12 విటమిన్‌ను 1948లో ఇతరులు వేరుచేశారు. అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, సుబ్బారావు కన్నుమూశారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ప్రోటీన్లలోని మెథియోనిన్ నుండి మన ఒంట్లో హోమోసిస్టీన్ తయారవుతుంది. దాన్ని తిరిగి మెథియోనిన్‌గా మార్చడానికి ఫోలిక్ ఆమ్లం, బి12 రెండూ కావాలి. ఏది తగ్గినా హోమోసిస్టీన్ రక్తంలో పేరుకుంటుంది. సుబ్బారావు పనిచేసిన బోస్టన్‌కు దగ్గరలోనే ఫ్రామింగ్‌హామ్ అనే ఊరుంది. అక్కడ డిమెన్షియా లేని 1,092 మంది పెద్దలను సుమారు ఎనిమిదేళ్లు గమనించారు. ఆ ఫలితాలను సుధా శేషాద్రి బృందం 2002లో ప్రకటించింది. లీటరు ప్లాస్మాలో హోమోసిస్టీన్ 14 మైక్రోమోల్స్ దాటినవారిలో అల్జీమర్స్ ముప్పు దాదాపు రెట్టింపు ఉంది.

ఇక్కడ తొందరపడకూడదు. సూచిక వేరు, కారణం వేరు. మూత్రపిండాలు సరిగా పనిచేయకపోయినా హోమోసిస్టీన్ పెరుగుతుంది. జ్ఞాపకశక్తి కొంత తగ్గిన పెద్దలకు బి విటమిన్లు ఇస్తే మెదడు కుంచించుకుపోవడం నెమ్మదించిందని 2010లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు చూపారు. కాని ఆరోగ్యవంతులందరికీ ఈ మాత్రలు ఇస్తే మతిమరుపు ఆగుతుందని రుజువు కాలేదు. పాలు, గుడ్లు, మాంసం అంతగా తీసుకోని వృద్ధులలో బి12 లోపం ఎక్కువ. వారు బి12 సంగతి చూసుకోకుండా ఫోలిక్ ఆమ్లం మాత్రలే మింగితే రక్తహీనత మరుగున పడుతుంది, నరాలు మాత్రం లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి.

పాఠగత ప్రశ్న: సుబ్బారావు సోదరుల జబ్బుకూ, పెద్దవారి రక్తపరీక్షలోని హోమోసిస్టీన్‌కూ ఉన్న సంబంధాన్ని మీ సొంత మాటల్లో నాలుగు వాక్యాలలో రాయండి.