హరికథా పితామహుడు శ్రీ ఆదిభట్ల నారాయణదాసు

శ్రుతి కలవకపోయినా, తాళం తప్పినా, ఆర్తితో పిలిచే భక్తుని పిలుపును శ్రీహరి ఆలకిస్తాడని పెద్దలు చెబుతారు. అది సత్యమే. అయితే స్వామి అనుగ్రహించిన విద్యను పరిపూర్ణంగా సాధించి, దానిని తిరిగి ఆ స్వామి కథకే అర్పించిన ధన్యులు కూడ కొందరున్నారు. ఆంధ్రదేశంలో అట్టివారిలో అగ్రగణ్యులు శ్రీమదజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారు.

1864 ఆగస్టు 31వ తేదీన బొబ్బిలి ప్రాంతంలోని అజ్జాడ గ్రామంలో ఆయన జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ. ఐదేండ్ల ప్రాయంలో తల్లి వెంట దేవాలయానికి వెళ్ళిన ఆ బాలుడు అక్కడి అంగడిలో భాగవత గ్రంథాన్ని చూచి, అది తనకు కావాలని మారాం చేశాడట. ఇంత పసివానికి భాగవతమెందుకని అంగడి యజమాని కసరుకున్నాడు. బాలుడు బెదరలేదు, భాగవత పద్యాలను గడగడ వల్లించసాగాడు. యజమాని విస్మయం చెంది, ఆ గ్రంథాన్నీ, దానితోపాటు కొంత ధనాన్నీ కానుకగా ఇచ్చి పంపాడని ప్రతీతి.

అంగడిలో దొరికిన ఆ భాగవతం ఆయన జీవితాన్ని విడిచిపోలేదు. 1883లో కుప్పుస్వామి నాయుడుగారి హరికథను విన్నప్పుడు తన మార్గమేదో ఆయనకు స్పష్టమైంది. ఇరవయ్యేండ్లు నిండకముందే స్వయంగా కథ కూర్చి, గజ్జెకట్టి నిలిచారు. ఆ తొలి కథ ధ్రువచరిత్రము. అది చతుర్థ స్కంధంలోనిది. తరువాతి కాలంలో రచించిన ప్రహ్లాదచరిత్రము సప్తమంలోనిది, గజేంద్రమోక్షణము అష్టమంలోనిది, అంబరీషచరిత్రము నవమంలోనిది, రుక్మిణీకల్యాణము దశమంలోనిది. శైశవంలో నోటికి వచ్చిన పద్యాలే యౌవనంలో పాదాలకు లయగా, కంఠానికి రాగంగా పరిణమించాయన్నమాట.

దాసుగారి ప్రజ్ఞను తలచుకొనేవారు ముందుగా చెప్పేది ఆయన లయజ్ఞానాన్ని గురించే. లయబ్రహ్మ అనీ, పంచముఖీ పరమేశ్వరుడనీ ఆయనకు బిరుదులు. పంచముఖి అనగా రెండు చేతులతో, రెండు పాదాలతో, శిరస్సుతో ఐదు వేర్వేరు తాళాలను ఏకకాలంలో నడుపుతూ, పైన పల్లవి పాడడం. ఇందులోని కాఠిన్యం లెక్కవేసి చూస్తేగాని బోధపడదు. ఒక చేయి మూడేసి మాత్రలతోను, మరొక చేయి నాలుగేసి మాత్రలతోను నడిస్తే, రెండూ మళ్ళీ ఒకచోట కలిసేది పన్నెండు మాత్రల తరువాత. ఒక పాదం అయిదు మాత్రల నడకతో వచ్చి చేరితే ఆ కలయిక 60 మాత్రలకు దూరమవుతుంది. రెండవ పాదం ఏడుతో నడిస్తే 420. శిరస్సు తొమ్మిదితో నడిస్తే 1260 మాత్రలు గడిచేదాకా అయిదూ ఒకేసారి మొదటికి రావు. అంతసేపు ఏ ఒక్కటీ తొట్రుపడకూడదు. గానంలో ప్రయాస కనబడకూడదు. మనబోటివారు ఒక చేత్తో తాళం వేస్తూ పాడబోతేనే చేయి పాటను అనుసరించి పరుగెడుతుంది!

ఇది గారడీ వంటిది, భక్తికి దీనితో పనియేమి అని శంకించేవారు లేకపోలేదు. కాని హరిదాసు వృత్తిని కొంచెం పరిశీలిస్తే ఈ శంక నిలువదు. మెడలో పూలమాల, చేతిలో చిరుతలు, కాళ్ళకు గజ్జెలు. పాదాలు నర్తించాలి, చిరుతలు తాళం తప్పరాదు, కంఠం కీర్తన పాడాలి, ముఖం రసాన్ని పలికించాలి. కీర్తన ముగిసీ ముగియకముందే వచనం అందుకోవాలి. ఇన్నింటి నడుమ మనస్సు మాత్రం కథానాయకుడైన శ్రీహరిని విడువరాదు. కథ జరిగినంతసేపూ హరిదాసు చేసేది పంచముఖియే. పండితసభలో ఆశ్చర్యం గొలిపిన విద్య దాసుగారికి ప్రత్యేకంగా అభ్యసించిన ప్రదర్శన కాదనీ, నిత్యం ఆచరించిన సేవ చిక్కబడి అక్కడ కనిపించిందనీ చెప్పడమే న్యాయం. అందుకే కాబోలు అది అంత అనాయాసంగా సాగింది.

ఆయన తాకని విద్య లేదు. అష్టావధానాలు చేశారు. తొంభై రాగాల గీతమాలిక రచించారు. కాళిదాసునూ షేక్స్పియరునూ నవరసాల వెంట పరిశీలించిన నవరసతరంగిణి 1922 నాటిది. పారసీక కవి ఉమర్ ఖయ్యాము రుబాయతులను సంస్కృతంలోకీ, అచ్చతెలుగులోకీ తెచ్చిన గ్రంథం 1932లో వెలువడింది. ఇంతటి పండితుడు పామరులు కూర్చుండే పందిరినీ, గజ్జెలనూ చివరిదాకా వదలలేదన్నది ఈ గ్రంథాలన్నింటికంటె పెద్ద మాట.

1919లో విజయనగరంలో సంగీత కళాశాల వెలసినప్పుడు దానికి తొలి అధ్యక్షులు దాసుగారే. ఆ రోజులలోనే ద్వారం వేంకటస్వామినాయుడు అనే ఇరవయ్యారేండ్ల యువకుడు అక్కడ విద్యార్థిగా చేరదలచి వచ్చాడు. అతని వాయులీనం విన్న తరువాత ఇతనికి ఇక్కడ నేర్పవలసినది లేదని తేలింది. వచ్చిన విద్యార్థి అధ్యాపకుడై నిలిచాడు. సాధించినవారికే సాధించినవారి విలువ తెలుస్తుంది. వయస్సును, అర్హతాపత్రాలను లెక్కించే అధికారి ఆ స్థానంలో ఉండివుంటే ఏమయ్యేదో! 1936లో దాసుగారు అధ్యక్షపదవిని విరమించగా, ఆ పీఠంపై కూర్చున్నవారు ఆ నాయుడుగారే.

నా యెరుక అనే పేర దాసుగారు స్వీయచరిత్ర వ్రాశారు. అది యౌవనం దాటకముందే ఆగిపోయింది. మిగిలిన జీవితమంతా హరికథలలోనే ఉన్నది. 1945 జనవరి 2వ తేదీన ఆయన పరమపదించారు. తరువాతి కాలంలో గోదావరి తీరాన కపిలేశ్వరపురంలో హరికథకే ప్రత్యేకంగా ఒక పాఠశాల ఏర్పడింది. పూర్వం మగవారి సొత్తుగా ఉండిన గజ్జెలనూ చిరుతలనూ అక్కడ ఆడపిల్లలు అందుకున్నారు.