కాటన్ దొర

సారపాకకును భద్రాచలమునకును నడుమ ప్రవహించు గోదావరి, పాపికొండలను దాటి ధవళేశ్వరము కడ మిక్కిలి విశాలమగును. పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున ఆ నీరు వృథాగా సముద్రము పాలగుచుండెను. డెల్టా ప్రజలు ఒకయేడు వరదలకును, మరొకయేడు కరవునకును లోనై అలమటించుచుండిరి.

ఆ దుఃస్థితిని బాపినవాడు ఆర్థర్ కాటన్. ఈతడు 1803లో ఇంగ్లండు దేశమున జన్మించి, 1821లో భారతదేశమునకు వచ్చెను. కావేరిపై ఆనకట్టలు కట్టించి అనుభవము గడించెను.

1847లో ధవళేశ్వరమున ఆనకట్ట పని ఆరంభమయ్యెను. వేలకొలది కూలీలు, వడ్రంగులు, కమ్మరులు అచ్చట చేరిరి. నదిలో నీరు తగ్గిన నెలలలోనే పని సాగవలెను. వరద వచ్చినచో సగము కట్టినది నిలుచుట కష్టము. అంతమందిని ఒక్కత్రాటిపై నడుపుట ఒక్కనివలన కాదని కాటన్ గ్రహించెను. స్థానికుడగు వీణం వీరన్నను సహాయకునిగా గైకొని, అతనిని విశ్వసించెను. వీరన్న కూలీలను సమకూర్చి, వారికిని అధికారులకును నడుమ వారధియయ్యెను.

నడుమ కాటన్ తీవ్రముగా జబ్బుపడి సెలవుపై వెడలవలసివచ్చెను. అయినను పని ఆగలేదు. కెప్టెన్ ఓర్ బాధ్యత వహింపగా, వీరన్న మున్నటివలెనే పాటుపడెను. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను. బీడుభూములు మాగాణులయ్యెను.

వీరన్న 1867లోను, కాటన్ 1899లోను కన్నుమూసిరి. పాత ఆనకట్టకు మారుగా తరువాత నిర్మించిన బారేజికి కాటన్ పేరే పెట్టిరి. తాను లేనప్పుడును పని సాగునట్లు తోడివారిని తీర్చిదిద్దినవాడే నిజమైన నాయకుడు.