చూపు లేని గణకుడు

స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో 1707 ఏప్రిల్ 15న లియొనార్డ్ ఆయిలర్ జన్మించాడు. తండ్రి పాల్ క్రైస్తవ మతాచార్యుడు. కుమారుడు తన మార్గాన్నే అనుసరించాలని ఆయన ఆకాంక్ష. అయితే శనివారాలు సందేహ నివృత్తికై తన వద్దకు వచ్చే ఆ బాలుని ప్రతిభను గుర్తించిన గణితాచార్యుడు యోహాన్ బెర్నౌలీ తండ్రిని ఒప్పించాడు. 1727లో ఆయిలర్ రష్యా రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరి అక్కడి విజ్ఞాన పరిషత్తులో స్థానం పొందాడు.

రెండును ముప్పైరెండు పర్యాయాలు వేసి హెచ్చించి, ఒకటి కలిపితే 4294967297 వస్తుంది. ఇది ప్రధానసంఖ్య అని ఫ్రాన్సు దేశపు మేధావి ఫెర్మా విశ్వసించాడు. అది 641తో నిశ్శేషంగా భాగింపబడుతుందని 1732లో ఆయిలర్ నిరూపించాడు. మహనీయుని మాట కదా అని పరీక్షించకుండా అంగీకరించే స్వభావం కాదు ఆయనది.

1738 నాటికి కుడికంటి చూపు పోయింది. బెర్లిన్‌లో పాతికేళ్ళు గడిపి 1766లో తిరిగి రష్యాకు వచ్చాక ఎడమ కంటిని శుక్లం ఆవరించింది. 1771లో నగరాన్ని అగ్ని దహించినప్పుడు పీటర్ గ్రిమ్ అనే సేవకుడు మంటలలోకి చొరబడి ఆయనను భుజాన మోసుకొనివచ్చాడు. ఆ యేడే జరిగిన శస్త్రచికిత్సతో చూపు వచ్చినట్టే వచ్చి, పుండు చీము పట్టడంతో శాశ్వతంగా మాయమైంది. అటువంటి విషమస్థితిలో ఏ పండితుడైనా లేఖిని విడిచిపెట్టేవాడే. ఆయిలర్ మాత్రం పలకపై పెద్ద పెద్ద అక్షరాలు గీస్తూ, కుమారులచేత, శిష్యులచేత వ్రాయించసాగాడు.

1772లో గురువు మనుమడైన మరొక యోహాన్ బెర్నౌలీకి ఆయన ఒక లేఖ పంపాడు. రెండును ముప్పైయొక్క పర్యాయాలు వేసి హెచ్చించి, ఒకటి తీసివేస్తే వచ్చే 2147483647 ప్రధానసంఖ్య అని అందులో తెలిపాడు. అంతటి సంఖ్యను పరీక్షించాలంటే దాని వర్గమూలమైన 46340 వరకు గల నాలుగువేలకు పైబడిన ప్రధానసంఖ్యలన్నింటితోను భాగించి చూడాలి. కన్నులున్నవానికే దుష్కరమైన పని. ఆయిలర్ ముందు ఆలోచించాడు. ఈ సంఖ్యకు ప్రధాన భాజకం ఏదైనా ఉంటే, దానిని 248తో భాగించినప్పుడు 1 గాని 63 గాని శేషంగా మిగలాలి. ఈ నియమంతో జల్లెడ పట్టగా మిగిలినవి సుమారు ఎనభై మాత్రమే. వాటిలో ఏదీ దానిని భాగించలేదు.

ఎనభై ఏళ్ళకు పైగా అంతకు మించిన ప్రధానసంఖ్యను ఎవరూ కనుగొనలేదు. దీనిని 1073741824తో హెచ్చించగా వచ్చే 2305843008139952128 పరిపూర్ణ సంఖ్య. అనగా, తనను మినహాయించి తక్కిన భాజకాలన్నింటి మొత్తానికి సరిగా సమానం. ఇంతకన్న పెద్ద పరిపూర్ణ సంఖ్యను ఎవరూ కనుగొనబోరని ఆంగ్లేయ గణితజ్ఞుడు బార్లో 1811లో జోస్యం చెప్పాడు. అది ఆ శతాబ్దంలోనే వమ్మైంది.

1783 సెప్టెంబరు 18న, నూతనంగా కనుగొన్న యురేనస్ గ్రహకక్ష్యను గూర్చి చర్చించిన దినాననే ఆయిలర్ కన్నుమూశాడు. ఆయన పరీక్షించిన సంఖ్య కంప్యూటర్లలోనూ ప్రవేశించింది. ముప్పైరెండు బిట్లలో ధన, ఋణ సంఖ్యలను వ్రాసే పద్ధతిలో ఇమిడే గరిష్ఠ సంఖ్య అదే. 1970 జనవరి 1 నుండి సెకన్లను ఆ విధంగా లెక్కించే పాత గడియారాలకు 2038 జనవరి 19న ఆ హద్దు ఎదురవుతుంది.