ఆలన్ ట్యూరింగ్ - పూడ్చిన చీటీలు

కంప్యూటర్ సైన్సు తీసుకున్న మన విద్యార్థులందరూ సి ప్లస్ ప్లస్‌లోనో, జావాలోనో స్టాక్ అనే క్లాసు ఒకటి రాసే ఉంటారు. ఒక అర్రే, టాప్ అనే గుర్తు, పుష్, పాప్ అని రెండు ఫంక్షన్లు. రికార్డులో ఎక్కించి, లెక్చరర్ గారి సంతకం పెట్టించుకొని, పరీక్ష కాగానే మరచిపోతాం. ఆ చిన్న ప్రోగ్రాముకు మూలమైన ఆలోచనను రెండో ప్రపంచ యుద్ధం ముగిసీ ముగియగానే కాగితం మీద పెట్టినవాడు ఆలన్ ట్యూరింగ్. ఆయన పేరు విననివారు ఉండరు గాని, ఆయన తల్లిదండ్రులు కాపురం చేసింది మన తెలుగు జిల్లాల్లోనని తెలిసినవారు తక్కువ.

తండ్రి జూలియస్ ట్యూరింగ్ మద్రాసు రాజధానిలో ఐ.సి.ఎస్. అధికారి. బళ్ళారి, కర్నూలు, విశాఖపట్నం జిల్లాల్లో ఉద్యోగం చేశాడు. తల్లి ఈథెల్ సారా మద్రాసు రైల్వే చీఫ్ ఇంజనీరు ఎడ్వర్డ్ స్టోనీ కూతురు. తుంగభద్ర మీద రైలు వంతెన కట్టించిన స్టోనీ ఈయనే. పెళ్ళయ్యాక ఆ దంపతులు పార్వతీపురం, అనంతపురం, బెజవాడ, కర్నూలు తిరిగి 1911లో గంజాం జిల్లా ఛత్రపురం చేరారు. ఆలన్ పుట్టింది మాత్రం లండన్‌లో, 1912 జూన్ 23న. పిల్లవాడికి ఏడాదిన్నర నిండకముందే తల్లిదండ్రులిద్దరూ తిరిగి ఓడెక్కి ఇక్కడికి వచ్చేశారు. ఆలన్, అతని అన్న జాన్ ఒక రిటైర్డ్ కల్నల్ ఇంట్లో పెరిగారు. దొరల పిల్లలకు అది మామూలే అంటారు. మామూలైనంత మాత్రాన పిల్లవాడికి కష్టం తగ్గుతుందా?

1926 మే నెలలో బ్రిటన్ స్తంభించిపోయింది. గని యజమానులు బొగ్గు కార్మికుల కూలి తగ్గించి పనిగంటలు పెంచబోతే, వారికి అండగా ఇతర కార్మికులు కూడా సార్వత్రిక సమ్మెకు దిగారు. సమ్మె అంటే ఏమిటో గోదావరిఖనిలో ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు. సరిగ్గా అప్పుడే పద్నాలుగేళ్ళు నిండని ఆలన్ షెర్బోర్న్ స్కూల్లో చేరాలి. సౌతాంప్టన్‌లో ఓడ దిగితే రైళ్ళు లేవు. సైకిలెక్కాడు. అరవై మైళ్ళు, అంటే దాదాపు వంద కిలోమీటర్లు. మనం ఇక్కడినుంచి కరీంనగర్ వెళ్ళి, ఆపైన ఇంకా చాలా దూరం తొక్కినంత. మధ్యలో ఒక రాత్రి సత్రంలో పడుకొని మర్నాడు బడి చేరాడు. ఆ ఊరి పత్రికలో ఆ వార్త కూడా వచ్చింది.

కేంబ్రిడ్జిలో గణితం చదివి, 1936లో రాసిన వ్యాసంలో, పొడుగాటి టేపు మీద గుర్తులు చదువుతూ, రాస్తూ పోయే ఒక ఊహాయంత్రాన్ని వర్ణించాడు. కంప్యూటర్ ఏం చేయగలదో, ఏం చేయలేదో అనే చర్చ ఇప్పటికీ ఆ యంత్రం దగ్గరే మొదలవుతుంది. యుద్ధకాలంలో బ్లెచ్లీ పార్కులో జర్మన్ల ఎనిగ్మా సంకేతాలు విప్పడంలో ఆయన పాత్ర సినిమాలకే ఎక్కింది కనుక వదిలేద్దాం. అప్పటి ఒక ముచ్చట మాత్రం చెప్పాలి. 1940లో, శత్రువు దండెత్తి వస్తే బ్యాంకులో డబ్బు దక్కదని ట్యూరింగ్ రెండు వెండి కడ్డీలు కొని బ్లెచ్లీ దగ్గర్లో పాతిపెట్టాడు. గుర్తులు కూడా సంకేతభాషలో రాసుకున్నాడు. తర్వాత లోహాలు పట్టే పరికరంతో వెదికినా అవి దొరకలేదు.

ఇక అసలు సంగతి. 1945 అక్టోబరులో ఆయన లండన్ దగ్గరి నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో చేరి, ఏ.సి.ఇ. అనే కంప్యూటర్‌కు సమగ్ర నమూనా తయారుచేశాడు. అందులో ఒక చిక్కు వచ్చింది. పెద్ద లెక్క చేస్తూ మధ్యలో ఒక చిన్న లెక్కకు, అంటే సబ్‌రొటీన్‌కు పోవాలి. అది అయ్యాక సరిగ్గా వదిలిన చోటికి తిరిగి రావాలి. ఆ చిన్నది ఇంకో చిన్నదాన్ని పిలిస్తే? ట్యూరింగ్ చెప్పిన ఉపాయం ఇది: బయలుదేరేటప్పుడు తిరిగి రావలసిన చోటును చీటీలాగా జ్ఞాపకశాలలో పూడ్చిపెట్టు, పని కాగానే చివర పూడ్చిన చీటీని ముందు తవ్వి తియ్యి. చివరి చీటీ ఎక్కడుందో చెప్పే గుర్తును వేరే చోట ఉంచు. ఆ పనులకు ఆయన పెట్టిన పేర్లు బరీ, అన్‌బరీ. నేటి పుష్, పాప్ అవే. వేరే చోట ఉంచిన గుర్తే మన టాప్. వెండి విషయంలో ఆయనకు కరువైంది ఆ టాపే!

బాయి పని తెలిసినవారికి ఇది సులువు. హాలేజీ తాడుతో టబ్బులు నడిచిన రోజుల్లో, పట్టాలు అంతమయ్యే దారిలోకి ఒకదాని వెనుక ఒకటి తోసిన టబ్బుల్లో చివర తోసిందే ముందు బయటికి వచ్చేది. దారి నిండాక ఇంకొకటి తోస్తే ఓవర్‌ఫ్లో. ఖాళీ దారిలోంచి లాగబోతే అండర్‌ఫ్లో. మనం క్లాసులో రాసే రెండు ఇఫ్ షరతులూ ఇవే.

ట్యూరింగ్ నమూనాలో లేనిది కాపలా. ఏ ఆదేశమైనా ఏ చీటీనైనా చెరపవచ్చు. డేటానూ దానిపై చేసే పనులనూ ఒకే క్లాసుగా కట్టడం నార్వేలో డాల్, నైగార్డ్ తయారుచేసిన సిమ్యులా 67తో వచ్చింది. లోపలి అర్రేను ప్రైవేటుగా దాచే కట్టుబాటు ఆ తర్వాత స్థిరపడింది. ల్యాంపురూములోకి కార్మికుడు పోయి దీపం తీసుకోడు కదా. కిటికీ దగ్గర టోకెన్ ఇస్తే లోపలివారు దీపం ఇస్తారు. పుష్, పాప్ ఆ కిటికీలాంటివి. టాప్‌ను పబ్లిక్‌గా రాసే మిత్రులు కిటికీ పక్కనే గోడ పగలగొడుతున్నారన్నమాట.

ఏ.సి.ఇ. నివేదిక చాలాకాలం పెద్దగా బయటికి రాలేదు. 1957లో జర్మనీలో బావర్, సామెల్సన్ ఇదే సూత్రానికి పేటెంటు దరఖాస్తు పెట్టారు. ఆస్ట్రేలియాలో హాంబ్లిన్ కూడా ఆ రోజుల్లోనే స్వతంత్రంగా దీన్ని చేరుకున్నాడు. స్టాక్‌కు గాను 1988లో బావర్‌కు పెద్ద పురస్కారం దక్కింది. ఎవరూ ఎవరి సొత్తూ దొంగిలించలేదు. కాని పాఠ్యపుస్తకాల్లో స్టాక్ అధ్యాయం దగ్గర ట్యూరింగ్ పేరు ఒక్క వాక్యంగానైనా లేకపోవడం నాకు లోటుగానే తోస్తుంది.

లేబొరేటరీలో పనులు నత్తనడక నడవడంతో విసిగి 1947లో కేంబ్రిడ్జికి, 1948లో మాంచెస్టర్‌కు వెళ్ళిపోయాడు. ఏ.సి.ఇ. చిన్న రూపం 1950 మేలో, ఆయన లేకుండానే పనిచేసింది.

1952లో మరొక పురుషునితో సంబంధం ఉందన్న నేరంపై కోర్టు ఆయనకు శిక్ష వేసింది. జైలు తప్పించుకోవడానికి ఏడాదిపాటు హార్మోన్ల చికిత్సకు ఒప్పుకోవలసి వచ్చింది. రహస్య సంకేతాల పనికి ఇక పనికిరాడన్నారు. దేశాన్ని కాపాడిన మనిషికి దేశం ఇచ్చిన బహుమానం అది! 1954 జూన్ 7న సైనైడ్ విషంతో చనిపోయాడు. విచారణలో ఆత్మహత్య అని తేల్చారు. అప్పటికి ఆయనకు నలభై రెండేళ్ళు కూడా నిండలేదు. 2009లో బ్రిటిష్ ప్రధాని క్షమాపణ చెప్పాడు, 2013లో రాణి క్షమాభిక్ష ప్రకటించింది.

అలాంటి చట్టాన్నే ఆ పాలకులు 1860 నాటి శిక్షాస్మృతిలో 377వ సెక్షనుగా మనకూ తగిలించి పోయారు. పెద్దవారి మధ్య ఇష్టపూర్వకమైన సంబంధం నేరం కాదని మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పేదాకా అది ఇక్కడ అమలులోనే ఉంది.