వెయ్యి ముఖాలు, అయిదు గొంతులు

మూకీల కాలం నాటి తారలు టాకీలలో నెగ్గుకొచ్చేవారా, లేదా? సినిమా గురించి నలుగురు కూర్చుని మాట్లాడుకునే చోట ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు రాక మానదు. ప్రశ్న వచ్చినప్పుడల్లా జవాబూ సిద్ధంగానే ఉంటుంది. పాపం వాళ్ళకి అందమైన ముఖాలున్నాయి గానీ గొంతులు లేవు, మైకు ముందు నోరు విప్పగానే బండారం బయటపడింది, జనం నవ్వారు, అంతటితో వాళ్ళ పని అయిపోయింది అంటారు. ఈ జవాబు వినడానికి బాగానే ఉంటుంది. నిజమెంత అన్నదే నా సందేహం. అందుకే ఒక్క మనిషి జీవితాన్ని తీసుకుని ఈ మాటను పరీక్షించి చూద్దామనిపించింది. ఆ మనిషి పేరు లాన్ చేనీ. వెయ్యి ముఖాల మనిషి అని అమెరికా జనం పిలుచుకున్న నటుడు.

చేనీ 1883 ఏప్రిల్ 1న కొలరాడో రాష్ట్రంలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో పుట్టాడు. తండ్రి మంగలి పని చేసేవాడు. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ చెవులు వినిపించవు. తల్లి తరఫు తాతగారు ఆ ప్రాంతంలో బధిరుల పాఠశాల నెలకొల్పడానికి పాటుపడినవారిలో ఒకరు. అంటే ఆ ఇంట్లో చేతులతో మాట్లాడుకోవడం ఒక లోటుగా కాక, అక్కడి మాతృభాషగా ఉండేదన్నమాట. మన ఇళ్ళలో పిల్లలు అమ్మ నోటి మాట విని తెలుగు నేర్చుకున్నట్టే చేనీ అమ్మ చేతులు చూసి భాష నేర్చుకున్నాడు.

కొన్నాళ్ళకి ఆ తల్లి కీళ్ళవాతంతో మంచం పట్టింది. పిల్లవాడు చిన్నప్పుడే బడి మానేసి ఆమెకి తోడుగా ఇంటిపట్టునే ఉండిపోయాడు. వీధిలో ఏం జరిగింది, ఎవరు వచ్చారు, ఎవరు ఎలా నడిచారు, ఎవరు ఎవరి మీద విసుక్కున్నారు అన్నదంతా ముఖంతోనూ, చేతులతోనూ, ఒంటితోనూ ఆడి చూపించేవాడు. ప్రేక్షకులు ఒక్కరే. ఆ ఒక్కరికీ ఒక్క మాటా వినపడదు. అర్థం కాకపోతే తప్పు ఆడినవాడిదే. ఇంతకంటే కఠినమైన నటనాశిక్షణ ఏ కళాశాలలో దొరుకుతుంది?

అయితే చాలామంది మరిచిపోయే సంగతి ఇంకొకటుంది. చేనీ నేరుగా మూకీలలోకి రాలేదు. ఊళ్ళోని నాటకశాలలో తెరలెత్తే పనితో మొదలుపెట్టి, 1902 నుంచి నాటక కంపెనీలతో ఊరూరా తిరిగాడు. అవి మామూలు నాటకాలు కావు, ఆటాపాటా ఉన్న సంగీత హాస్య నాటకాలు. పాడాడు, ఆడాడు, నవ్వించాడు. మైకులు లేని రోజుల్లో హాలు చివర బెంచీ దాకా వినపడేలా మాట్లాడాడు. పదేళ్ళపాటు గొంతుతో అన్నం తిన్న మనిషి అతను.

ఆ తిరుగుళ్ళలోనే క్లీవా క్రెయిటన్ అనే గాయని పరిచయమైంది. 1905లో పెళ్ళి. 1906లో కొడుకు క్రెయిటన్ పుట్టాడు. సంసారం సాఫీగా సాగలేదు. 1913 ఏప్రిల్‌లో లాస్ ఏంజిలిస్‌లో చేనీ పనిచేస్తున్న థియేటరుకి వెళ్ళి క్లీవా విషం తాగింది. ప్రాణం దక్కింది, గొంతు మాత్రం పోయింది. మళ్ళీ పాడలేకపోయింది. ఆ గొడవతో చేనీకి నాటకాలలో చోటు లేకుండా పోయింది. బతుకుతెరువు కోసం యూనివర్సల్ స్టూడియోలో చిన్నాచితకా వేషాలకు కుదురుకున్నాడు. మూగ చిత్రాలలోకి అతన్ని తెచ్చింది అతని గొంతులో లోపం కాదు, ఇంట్లో జరిగిన విషాదం. 1915లో హేజెల్ హేస్టింగ్స్‌ను పెళ్ళాడి కొడుకును మళ్ళీ ఇంటికి తెచ్చుకున్నాడు.

1919లో 'ది మిరకిల్ మ్యాన్'లో అవిటివాడిలా నటించి డబ్బు దండుకునే మోసగాడి వేషంతో పేరొచ్చింది. 1920లో 'ది పెనాల్టీ'లో కాళ్ళు లేని నేరస్థుడిగా కనిపించడం కోసం మోకాళ్ళ దగ్గర కాళ్ళు వెనక్కి మడిచి కట్టించుకుని, తోలు తొడుగులలో నడిచాడు. ఒకసారి కట్టించుకుంటే ఎక్కువసేపు భరించగలిగేవాడు కాదు. 1923లో 'హంచ్‌బ్యాక్ ఆఫ్ నోట్రడామ్', 1925లో 'ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా' ప్రపంచమంతా తిరిగాయి. మేకప్ వేరొకరు చేసింది కాదు. తన పెట్టె తనే తెచ్చుకుని అద్దం ముందు తనే కూర్చునేవాడు. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా 1929 ముద్రణలో మేకప్ గురించిన వ్యాసం అతని చేతే రాయించారంటే ఆ విద్యలో అతని స్థాయి ఊహించుకోవచ్చు.

ఇంతలో ముంచుకొచ్చింది శబ్దం. 1927 అక్టోబరు 6న 'ది జాజ్ సింగర్' విడుదలైంది. రెండు మూడేళ్ళలో హాలీవుడ్ తలకిందులైంది. కెమెరా చప్పుడు మైకులో పడకుండా కెమెరాను, దానితో పాటు మనిషినీ ఒక గదిలో పెట్టి తలుపు మూసేవారు. మైకు ఎక్కడో పూలకుండీ చాటున ఉండేది. నటులు దాని దగ్గర కదలకుండా నిలబడి మాట్లాడాలి. నిన్నటిదాకా తెరంతా తిరిగిన మనిషి రాత్రికి రాత్రి స్తంభమైపోయాడు. అప్పటి తొలి టాకీలు ఇప్పుడు చూస్తే బిగుసుకుపోయినట్టు కనిపించడానికి కారణం ఇదే.

ఈ దెబ్బ తగిలిన వాళ్ళందరిదీ ఒకే కథ కాదు. జాన్ గిల్బర్ట్ సంగతి అందరూ ఎత్తుతారు. 1929లో 'హిజ్ గ్లోరియస్ నైట్'లో అతని ప్రేమ సంభాషణలు విని జనం నవ్వారు. గొంతు పీలగా ఉండడం వల్ల అన్నారు. 1933 నాటి 'క్వీన్ క్రిస్టినా' చూడండి, ఆ గొంతులో వంకపెట్టడానికేమీ లేదు. అసలు తప్పు మాటలది. మూకీలో కళ్ళతో చెప్పిన ప్రేమను అదేపనిగా నోటితో చెప్పించేసరికి అది వెకిలిగా తయారైంది. మొట్టమొదటి ఉత్తమ నటుడి ఆస్కార్ అందుకున్న ఎమిల్ జానింగ్స్‌కు ఇంగ్లీషు యాస అడ్డొచ్చి జర్మనీ వెళ్ళిపోయాడు. స్వీడన్ యాసతోనే గ్రెటా గార్బో 1930లో 'అనా క్రిస్టీ'తో నెగ్గింది. యాస ఒక్కటే కారణమైతే గార్బో కూడా పోవాలి కదా!

చేనీ మాత్రం మాట్లాడనని మొండికేశాడు. 1929లో కూడా మూకీలలోనే నటించాడు. యూనివర్సల్ వారు 'ఫాంటమ్'కి మాటలు చేర్చి మళ్ళీ విడుదల చేస్తే, అప్పటికే మెట్రో గోల్డ్‌విన్ మేయర్‌లో ఉన్న చేనీ గొంతు అందులో వినిపించలేదు. ఇంత భయమెందుకు అని అప్పట్లో చాలామంది అనుకునే ఉంటారు. నాకు మాత్రం ఇది భయంలా తోచదు. ప్రతి సినిమాకీ కొత్త ముఖం ఇచ్చినవాడు ప్రతి సినిమాలోనూ ఒకే గొంతుతో మాట్లాడితే ఎలా? వెయ్యి ముఖాలకి ఒక్క గొంతు అంటుకుంటే ఆ వెయ్యీ ఒక్కటైపోవూ?

అతనికి తోచిన మార్గం ఒకటే: గొంతుకు కూడా మేకప్ వేయడం. 1925లో తను నటించిన 'ది అన్‌హోలీ త్రీ'నే 1930లో టాకీగా మళ్ళీ తీయడానికి ఒప్పుకున్నాడు. కథలో అతను ఎకో అనే వెంట్రిలాక్విస్టు, అంటే పెదవి కదపకుండా మాట్లాడి బొమ్మ మాట్లాడుతున్నట్టు భ్రమింపజేసేవాడు. ఇద్దరు తోడుదొంగలతో కలిసి చిలకల కొట్టు పెడతాడు. ముసలమ్మ వేషంలో కొట్టులో కూర్చుని, మాటలు రాని చిలకలకి తన గొంతు అరువిచ్చి అమ్మేస్తాడు. ఇంటికెళ్ళాక చిలక పలకదు. కొన్నవాళ్ళు ఫిర్యాదు చేస్తారు. చిలకను చూసే నెపంతో ముసలమ్మ ఆ ఇంటికి వెళ్ళి దొంగతనానికి ఆరాలు తీస్తుంది. మూకీలో చిలక మాటల్ని తెరమీద అక్షరాలుగా చూపించి సరిపెట్టారు. వినపడని వెంట్రిలాక్విజం అన్నమాట! శబ్దం కోసమే పుట్టిన కథ శబ్దం లేని రోజుల్లో ఒకసారి వచ్చేసింది.

టాకీలో చేనీ అయిదు గొంతులు పలికాడు. ఎకో, ముసలమ్మ, చేతిలోని బొమ్మ, చిలక, గుంపులోని ఒక అమ్మాయి. మన నేరెళ్ళ వేణుమాధవ్ గారి మిమిక్రీ విన్నవాళ్ళకి ఒక్క గొంతులో ఇన్ని గొంతులు పట్టడం నమ్మలేని సంగతేమీ కాదు. అమెరికాలో మాత్రం అప్పటికే అనుమానాలు బయల్దేరాయి. 1929లో 'వియరీ రివర్'లో హీరో రిచర్డ్ బార్తెల్మెస్ పాట వేరొకరు పాడారని తెలిసి గగ్గోలు పుట్టింది. ప్లేబ్యాక్‌కు అలవాటుపడ్డ మనకి ఇందులో గోల చేయడానికేముంది అనిపిస్తుంది. వాళ్ళకి అది మోసం. అందుకని ఆ అయిదు గొంతులూ తనవేనని చేనీ నోటరీ ఎదుట ప్రమాణపత్రం మీద సంతకం చేశాడు. ప్రచారం కోసమే చేశారనుకున్నా, తన గొంతు తనదేనని కాగితం రాసిచ్చిన నటుడు ఇంకొకడు నాకు తెలియదు.

టాకీ చివర కోర్టు దృశ్యం ఉంది. ఎకో ముసలమ్మ వేషంలోనే బోనెక్కి సాక్ష్యం చెబుతాడు. గుచ్చి గుచ్చి ప్రశ్నలు వేసేసరికి ఉన్నట్టుండి సన్నని గొంతు జారి మగ గొంతు బయటపడుతుంది. వేషం పట్టించింది గొంతే. టాకీలొచ్చి తారల బండారం బయటపెట్టాయంటారే, సరిగ్గా ఆ భయాన్నే చేనీ కథలో పెట్టి ఆడి చూపించినట్టు నాకనిపిస్తుంది. ఆ తర్వాత జైలుకు వెళ్ళే రైలు ఎక్కేటప్పుడు తను ప్రేమించిన అమ్మాయికి వీడ్కోలిచ్చే ఘట్టంలో వేషమూ లేదు, మారు గొంతూ లేదు. కాస్త బొంగురుగా, నిదానంగా పలికే మామూలు మనిషి గొంతు. నా మట్టుకు అయిదు గొంతుల కంటే ఈ ఒక్క గొంతే పెద్ద రుజువు.

ఇక్కడ మీరు అడ్డు తగలవచ్చు. ఒక్క సినిమా చూసి ఎలా తేలుస్తారు, అదీ గొంతుల గారడీ కోసమే ఎంచుకున్న కథ కదా అని. న్యాయమైన ప్రశ్నే. నేను బరువు పెట్టేది ఆ గారడీ మీద కాదు, మూడు విషయాల మీద. ఒకటి, అతనిది నాటకాలలో తయారైన గొంతు. రెండు, 1930 నాటికి అతనికి 47 ఏళ్ళు, కాపాడుకోవలసిన ప్రేమికుడి ముఖం అతనికి లేదు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ప్రేక్షకులు గిల్బర్ట్ ముఖం చూస్తూ ఏళ్ళ తరబడి తమ మనసులో ఒక గొంతు ఊహించుకున్నారు. అసలు గొంతు ఎంత బాగున్నా ఆ ఊహకు సరిపోదు. చేనీకి ఎవరూ ఏ గొంతూ ఊహించుకోలేదు. ఒక్కో ముఖానికి ఒక్కో గొంతు ఉంటుందనే అనుకుని ఉంటారు. పోటీపడాల్సిన ఊహాగొంతు లేనివాడు ఓడిపోవడానికి ఆస్కారం తక్కువ.

కానీ రెండో సినిమా చేసే వ్యవధి లేకపోయింది. 1929లో 'థండర్' షూటింగు సమయంలో మంచు ప్రదేశాలలో తిరిగి న్యుమోనియా తెచ్చుకున్నాడు. ఆ ఏడాది చివర్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. 'అన్‌హోలీ త్రీ' టాకీ 1930 జులైలో విడుదలైంది. ఆగస్టు 26న గొంతులో రక్తస్రావమై చేనీ చనిపోయాడు. చివరి రోజుల్లో మాట పడిపోతే చుట్టూ ఉన్నవాళ్ళతో చేతులతోనే మాట్లాడాడు. కొలరాడోలో అమ్మ మంచం పక్కన నేర్చుకున్న భాష అప్పుడు అక్కరకొచ్చింది. 1926లో 'టెల్ ఇట్ టు ది మెరీన్స్'లో సార్జెంటు వేషం వేసినందుకు అభిమానంతో అమెరికా మెరీన్ దళం అంత్యక్రియలకు గౌరవ వందనం పంపింది. గ్లెండేల్‌లోని అతని సమాధి మీద పేరు లేదు.

కొడుకు సినిమాల్లోకి రావడం చేనీకి ఇష్టం లేదు. తండ్రి పోయాక అతను వచ్చాడు, తర్వాత లాన్ చేనీ జూనియర్ అన్న పేరుతోనే 1941లో 'ది వుల్ఫ్ మ్యాన్'గా నిలబడ్డాడు. అతని పేరుప్రతిష్ఠలన్నీ టాకీలవే.

మూకీ తారలు టాకీలలో నెగ్గేవారా అన్న ప్రశ్నకి అందరికీ కలిపి ఒక్క జవాబు లేదన్నదే చేనీ జీవితం నాకు చెప్పే మాట. ఒకరిని సంభాషణలు దెబ్బతీశాయి, ఒకరిని యాస, ఇంకొందరిని జనం ఊహ. చేనీని తీసుకుపోయింది టాకీ కాదు, జబ్బు. అతనివి మూగ చిత్రాలు చాలా వరకు నశించిపోయాయి. మాట్లాడే చిత్రం ఒక్కటే, అదృష్టం కొద్దీ అది మిగిలింది. ఈసారి ఎవరైనా గొంతులు లేని తారలంటూ మొదలుపెడితే, ముందు ఆ సినిమా చివర రైలు దగ్గరి ఘట్టం చూసి రమ్మనండి. వాదన తర్వాత చేసుకోవచ్చు.