వారానికి ఒక్కసారే వేసుకునే మాత్ర... వెనక మన సుబ్బారావు గారు

అమెరికాలో నర్సింగ్ మాస్టర్స్ చేస్తున్న మన తెలుగు పిల్లలకి ఫార్మకాలజీ క్లాసులో తప్పకుండా ఎదురయ్యే మందు మెథోట్రెక్సేట్. కీళ్ళవాతానికి ఇస్తే వారానికి ఒక్కసారే ఇవ్వాలి, పొరపాటున రోజూ ఇస్తే ప్రాణానికే ముప్పు అని పదేపదే చెబుతారు. ఆ మందు ఏ ల్యాబులో పుట్టిందో ఆ ల్యాబుకి పెద్ద మన భీమవరం వాడన్న సంగతి మాత్రం ఆ క్లాసుల్లో అంతగా వినపడదు. అందుకని ఈసారి యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి చెప్పుకుందాం.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఇంట్లో పిల్లలు ఎక్కువ, డబ్బు తక్కువ. చదువు మీద ధ్యాస లేక, కాశీ వెళ్ళి అరటిపళ్ళ వ్యాపారం చేద్దామని చిన్నతనంలో ఇంట్లోంచి పారిపోయారట. పట్టుకొచ్చి మళ్ళీ బడిలో కూర్చోబెట్టారు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. అదీ రాజమండ్రిలో కాదు, మద్రాసు వెళ్ళాక. తర్వాత సన్యాసం తీసుకుంటానన్నారు, తల్లి పడనివ్వలేదు.

మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాక గాంధీగారి పిలుపు విని ఖద్దరు గౌనుతో సర్జరీ క్లాసుకి వెళ్ళారు. ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి అది నచ్చలేదు. ఫలితం, రావాల్సిన ఎంబీబీఎస్ రాక ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. సర్కారు వైద్యశాఖలో ఉద్యోగం దొరక్క, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పారు.

ఆ రోజుల్లోనే ఇంట్లో పిడుగు పడింది. ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టదు, నీళ్ళ విరేచనాలు, రక్తం తగ్గిపోయి మనిషి చిక్కి శల్యమైపోతాడు. అప్పటికి దానికి సరైన మందు లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి సాయం, కాకినాడ సత్యలింగం ధర్మసంస్థ సాయం కలిసి 1920ల మొదట్లో ఆయన్ని బోస్టన్ చేర్చాయి. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు నెలల బిడ్డగానే చనిపోయాడు. తండ్రి వాణ్ణి చూడనేలేదు.

బోస్టన్‌లో స్కాలర్‌షిప్ లేదు. డాక్టరు చదువు చదివిన మనిషి పీటర్ బెంట్ బ్రిగ్హామ్ ఆసుపత్రిలో నైట్ పోర్టరుగా చేరి రోగుల బెడ్‌పాన్లు కడిగారు. ఇప్పుడు అమెరికా వచ్చి కుదురుకునేదాకా లైసెన్సు లేక సహాయకుల పనులు చేస్తున్న మన డాక్టర్లు, నర్సులు ఆయన్ని కాస్త దగ్గరివాడిగా భావించొచ్చు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ ల్యాబులో చేరాక ఆయన చెయ్యి తిరిగింది. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి 1925లో వచ్చింది. 1927లో కండరాల్లోని ఫాస్ఫోక్రియేటిన్, 1929లో ఏటీపీ. ఇక్కడ ఒక మాట. మన సభల్లో ఏటీపీని కనిపెట్టింది ఆయనొక్కడే అన్నట్టు మాట్లాడేస్తుంటారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా కనిపెట్టాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పినా సుబ్బారావు గారి గొప్పతనం ఏమీ తరగదు. హార్వర్డ్ మాత్రం ఆయనకి పర్మనెంటు పోస్టు ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెరల్ రివర్‌లోని లెడర్లీ ల్యాబొరేటరీస్‌కి వెళ్ళిపోయారు. న్యూజెర్సీ సరిహద్దుకి ఆనుకుని ఉండే ఊరది, మనవాళ్ళలో చాలామంది ఆ పక్క నుంచి కారులో పోతూనే ఉంటారు.

అక్కడ ఆయన పరిశోధన విభాగానికి పెద్దయ్యారు. గర్భిణుల రక్తహీనతని తగ్గించే పదార్థం ఏదో ఉందని లూసీ విల్స్ అనే డాక్టరమ్మ బొంబాయిలో పని చేస్తూ 1930ల మొదట్లోనే గుర్తించింది. అది ఫోలిక్ యాసిడ్ అని తర్వాత తేలింది. దాన్ని కృత్రిమంగా తయారు చేయడం 1945లో సుబ్బారావు గారి బృందం సాధించింది. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూకి అదే మందయింది. పాతికేళ్ళు ఆలస్యం, అంతే. మన ఆడపిల్లలకి కడుపుతో ఉన్నప్పుడు ఇచ్చే ఐరన్ మాత్రలో కలిసి ఉండేదీ ఇదే.

ఇక అసలు కథ. బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకి ఫోలిక్ యాసిడ్ రకం మందులు ఇచ్చి చూస్తే, జబ్బు తగ్గకపోగా ఊపందుకున్నట్టు అనిపించింది. అయితే ఫోలిక్ యాసిడ్‌ని అడ్డుకుంటే? లెడర్లీ రసాయనవేత్తలు ఆ అణువులో చిన్న మార్పు చేసి అమైనోప్టెరిన్ తయారు చేశారు. దొంగ తాళంచెవి లాంటిదన్నమాట. తాళంలో దూరుతుంది, తిరగదు, అసలు తాళంచెవిని దూరనివ్వదు. కణం కొత్త డీఎన్ఏ తయారు చేసుకోలేక ఆగిపోతుంది. 1948 జూన్‌లో ఫార్బర్ వెలువరించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు వెనక్కి తగ్గింది. అది కొన్నాళ్ళపాటే, మళ్ళీ తిరగబెట్టింది. అయినా అప్పటిదాకా ఆ జబ్బుకి ఆ మాత్రం ఆశ కూడా లేదు. అమైనోప్టెరిన్ తమ్ముడే మెథోట్రెక్సేట్, అదీ లెడర్లీదే.

కణాన్ని ఆపే మందు క్యాన్సర్ కణమా, ఎముక మజ్జా అని చూడదు. అందుకే నర్సులకి దీనితో అంత భయం. కీళ్ళవాతానికి వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాముల దాకా ఇస్తారు. కొన్ని క్యాన్సర్లకి ఇదే మందు గ్రాముల్లో ఎక్కిస్తారు. అప్పుడు నిర్ణీత సమయానికి ల్యూకోవోరిన్ ఇచ్చి మంచి కణాల్ని కాపాడుకోవాలి, రక్తంలో మందు మోతాదు, కిడ్నీల పనితీరు చూస్తూ ఉండాలి. ఆర్డరులో గంట తేడా వచ్చినా నర్సు ఫోను తీయాల్సిందే.

ఆసుపత్రిలో కంటే ఇళ్ళల్లో జరిగే పొరపాట్లే మనకి దగ్గరివి. ఊరి నుంచి వచ్చిన అమ్మగారి మందుల సంచిలో పసుపు రంగు మెథోట్రెక్సేట్ ఉంటుంది, పక్కనే పసుపు రంగు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. రెండింటినీ తారుమారు చేస్తే వారం మందు రోజుమందవుతుంది. నోట్లో పుళ్ళు, జ్వరం, విరేచనాలు మొదలైతే తెల్లకణాలు పడిపోయాయేమోనని వెంటనే చూపించాలి. మన డాక్టర్లు రోజుకొకసారి అని రాసే ఓడీ అన్న అక్షరాలు అమెరికాలో కుడి కన్ను అనే అర్థంలో వాడతారు, కాబట్టి చీటీ చూపించి ఊరుకోకూడదు. అమ్మగారు మోకాళ్ళ నొప్పి మాత్ర అని చెప్పి ఊరుకుంటే, మూత్రంలో ఇన్ఫెక్షన్ అని వెళ్ళినచోట బాక్ట్రిమ్ రాసెయ్యొచ్చు. మన ఊళ్ళో సెప్ట్రాన్ అంటామే, అదే. ఆ రెండూ కలిస్తే మజ్జ మీద దెబ్బ రెట్టింపు.

అమెరికాలో మందుల పొరపాట్ల మీద పనిచేసే ఐఎస్ఎంపీ సంస్థ 2014లో ఆసుపత్రులకి చేసిన సిఫార్సుల్లో ఇదీ ఉంది. నోటి ద్వారా మెథోట్రెక్సేట్ రాస్తే కంప్యూటర్ దానంతటదే వారానికొకసారి అని చూపించాలి, రోజూ కావాలంటే క్యాన్సర్ కారణం అడగాలి. ఏ రోజు వేసుకోవాలో చీటీ మీద రాయాలంటారు. సోమవారం మాత్రం వద్దట. మండే అన్న మాటని మార్నింగ్ అని చదువుకునే ప్రమాదం ఉంది!

సుబ్బారావు గారి హయాంలోనే 1947లో హెట్రజాన్ వచ్చింది. బోదకాలు మందు. గోదావరి జిల్లాల్లో పెరిగినవాళ్ళకి పరిచయం అక్కర్లేదు, ఇంటింటికీ వచ్చి ఎదురుగా మింగించే మాత్రలు అవే. గర్భిణులకి, రెండేళ్ళలోపు పిల్లలకి ఇవ్వరు. నదీ అంధత్వం ఉన్న ఆఫ్రికా ప్రాంతాల్లో అయితే అసలు వాడకూడదు, కళ్ళు దెబ్బతింటాయి. తొలి టెట్రాసైక్లిన్ ఆరియోమైసిన్ బెంజమిన్ డగ్గర్ చేతి చలవ, ల్యాబు మాత్రం సుబ్బారావు గారిదే.

ఆ మందు బయటికొచ్చిన 1948లోనే, ఆగస్టులో, పెరల్ రివర్‌లో నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. అమెరికా పౌరుడు కాలేదు, ఇండియా తిరిగి రాలేదు. భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది 1995లో. మెథోట్రెక్సేట్‌ని కీళ్ళవాతానికి వాడటానికి అమెరికా ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది 1988లో, ఆయన పోయిన నలభై ఏళ్ళకి.