నక్షత్ర మరణాలకు కొలమానమైన పేరు: కార్ల్ జాన్‌స్కీ

రేడియో ఖగోళశాస్త్రానికి పునాది వేసిన కార్ల్ గుథే జాన్‌స్కీ ఖగోళ శాస్త్రవేత్త కారు. అమెరికాలోని ఓక్లహోమాలో 1905 అక్టోబరు 22న జన్మించిన ఆయన, భౌతికశాస్త్రం చదివి 1928లో బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలో ఇంజినీరుగా చేరారు. అట్లాంటిక్ మీదుగా సాగే రేడియో టెలిఫోన్ సంభాషణలకు అడ్డుపడుతున్న గరగర ధ్వనుల మూలాన్ని కనిపెట్టడం ఆయనకు అప్పగించిన పని.

ఇందుకోసం న్యూజెర్సీలోని హోమ్‌డెల్‌లో ఫోర్డ్ మోడల్-టి కారు చక్రాలపై గుండ్రంగా తిరిగే యాంటెన్నాను నిర్మించారు. దగ్గరి ఉరుముల ధ్వనిని, దూరపు ఉరుముల ధ్వనిని వేరుచేశాక సన్నని బుస ఒకటి మిగిలింది. అది సూర్యుడిదేమోనని తొలుత అనుకున్నారు. నెలల తరబడి గమనించగా, అది 24 గంటలకు కాక 23 గంటల 56 నిమిషాలకోసారి తీవ్రమవుతోందని తేలింది. నక్షత్రాలు ఆకాశంలో అదే స్థానానికి తిరిగి వచ్చే కాలమిది. ఆ ధ్వని ధనూరాశి దిశ నుంచి, పాలపుంత కేంద్రం వైపు నుంచి వస్తోందని ఆయన నిర్ధారించారు. 1933 మేలో న్యూయార్క్ టైమ్స్ ఈ వార్తను మొదటి పేజీలో ప్రచురించింది.

పరిశోధన కొనసాగించేందుకు 30 మీటర్ల డిష్ కావాలని జాన్‌స్కీ ప్రతిపాదించినా, సంస్థ ఆయనను వేరే పనులకు మళ్లించింది. ఖగోళ శాస్త్రవేత్తలలోనూ స్పందన అంతంతమాత్రమే. 1950 ఫిబ్రవరి 14న, 44 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

గుర్తింపు ఆ తర్వాతే వచ్చింది. రేడియో తరంగాల తీవ్రతను కొలిచే ప్రమాణానికి 1973లో ఆయన పేరు పెట్టారు. ఒక వాట్‌ను 1 పక్కన 26 సున్నాలున్న సంఖ్యతో భాగిస్తే వచ్చే శక్తి, చదరపు మీటరుకు, ఒక్కో హెర్ట్జ్‌కు చేరితే అది ఒక జాన్‌స్కీ. పొరుగు గెలాక్సీలలో పేలే నక్షత్రాల సంకేతాలు ఇందులోనూ వెయ్యోవంతులలోనే అందుతాయి.

1993లో సప్తర్షి మండలం దిశలోని ఎం81 గెలాక్సీలో, సుమారు 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఒక సూపర్‌నోవా కనిపించింది. నక్షత్రం మరణానికి ముందు వెదజల్లిన వాయువును పేలుడు తరంగం ఢీకొన్నప్పుడు రేడియో తరంగాలు వెలువడతాయి. వాటి హెచ్చుతగ్గులను బట్టి ఆ నక్షత్రం చివరి దశ చరిత్రను తెలుసుకోవచ్చు. మామూలు వెలుగు క్షీణించాక కూడా ఏళ్ల తరబడి ఈ సంకేతాలను నమోదు చేశారు. పుణె సమీపంలోని జీఎంఆర్‌టీ టెలిస్కోపు కూడా వీటిని కొలిచింది.

ఈ సూపర్‌నోవాను తొలినాళ్ల నుంచే గమనించిన న్యూమెక్సికోలోని వెరీ లార్జ్ అర్రే టెలిస్కోపునకు 2012లో జాన్‌స్కీ పేరు పెట్టారు. అప్పటికి ఆయన మరణించి 62 ఏళ్లు.